పట్టాల మీద పీచుమనిషి

అంబాజీపేట పక్క కొబ్బరితోటలో ట్రామ్ తిరుగుతోందంటే ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వాను. హరిబాబు మా అరుగు మీద కూర్చుని, "ఆదినారాయణగారూ, రిటైరై ఖాళీగానే ఉన్నారు కదండీ, మా కుర్రాళ్లకి బండి తోలడం నేర్పుదురుగాని రండి" అన్నప్పుడు, ఏ బండయ్యా అని అడిగాను. ట్రామండి అన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, మా ఆవిడ మీద. ఆ మంటలోనే, సరే వస్తానన్నాను. నా కోపం ఎలాంటిదో నేను బస్సు తోలిన అమలాపురం డిపోలో ఎవర్నడిగినా చెబుతారు.

హరిబాబు గల్ఫ్‌లో ట్రామ్ డ్రైవరుగా పనిచేసి, నడుం నొప్పితో తిరిగొచ్చిన మనిషి. అక్కడి పట్నాలు ఒకదాన్ని చూసి ఒకటి రోడ్ల మీద కొత్త ట్రామ్ లైన్లు వేసుకుంటున్నాయట. బండి తోలేవాళ్లు కావాలి, కూడళ్లలో జెండా పట్టుకుని నిలబడేవాళ్లు కావాలి. మనవాళ్లు ఎగబడి వెళతారు గాని, ఇంటర్వ్యూలో "ట్రామ్ ఎప్పుడైనా చూశావా" అంటే తెల్లమొహం వేస్తారు. ఎక్కడ చూస్తారు పాపం, రాజోలు బస్సు తప్ప ఇంకేం ఎక్కారని? అందుకే ఇక్కడే చిన్న లైను వేసి, నేర్పించి పంపిద్దామని ఆయన ఆలోచన.

ఆ లైను వేయడం ఒక పెద్ద భాగోతం. తోట కౌలుకు తీసుకుని, పాత ఇనుము కొట్లో పట్టాలు కొన్నాడు. మన నేల సంగతి తెలిసిందే, చేతిలోతు తవ్వితే నీళ్లు. మొదట కొబ్బరి దుంగలు కోయించి పట్టాల కింద అడ్డంగా వేశాడు. తొలకరి వానకే ఒక పక్క పట్టా కూరుకుపోయి, బండి తాగుబోతులా పక్కకు వాలిపోయింది. "వద్దయ్యా బాబూ, ఈ నేల అరటిచెట్టునే నిలబెట్టలేదు" అని నేను అరిచాను. ఆయన వినలేదు. మెట్ట నుంచి లారీల మీద గ్రావెల్ తెప్పించి, కట్ట పోసి, సిమెంటు దిమ్మెలు వేశాక గాని లైను నిలబడలేదు.

బండి అంటే పాత బస్సు బాడీయే. రావులపాలెం షెడ్డులో కింద ఇనప చక్రాలు వేసి, బ్యాటరీ మోటారు బిగించారు. మెకానిక్కు సాల్మన్ ఆ షెడ్డులో దాని పక్కనే పడుకునేవాడు, అంత ప్రేమ. పైన తీగ కూడా లాగారు గాని దాంట్లో కరెంటు లేదు. కుర్రాళ్లకు తలెత్తి చూడడం అలవాటు కావాలట. లైను తోట చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి ఆగుతుంది. దారిలో స్టాపులు ఉన్నాయి: మార్కెట్టు, ఆస్పత్రి, సముద్రం. బోర్డులు మాత్రమే ఉన్నాయి. మార్కెట్టు అని రాసిన చోట మట్టలు పడి ఉంటాయి, ఆస్పత్రి దగ్గర ఒక ముంగిస తిరుగుతుంటుంది. చెట్ల మధ్య రోడ్డు దాటే తెల్ల చారలు గీసి, సిగ్నల్ దీపం పెట్టారు. ఎర్ర దీపం వెలిగితే బండి ఆగాల్సిందే. ఎవరూ దాటరు. కాసేపటికి దీపం పచ్చగా మారుతుంది, బండి కదులుతుంది. మిట్టమధ్యాహ్నం, గాలి లేనప్పుడు, ఆ ఎర్రదీపం ముందు ఆగి కూర్చుంటే మనకు కనపడని జనం ఎవరో మన ముందు నుంచి నడిచిపోతున్నట్టు ఉండేది. నాకది నచ్చేది కాదు. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఆ తోటలోకి పనికి వచ్చింది వెంకటదుర్గ. నేను చెప్పబోయేది ఆమె కథే.

దుర్గది అల్లవరం వైపు. నాన్న రొయ్యల చెరువుల కాపలాదారు. పెళ్లయి అంబాజీపేట వచ్చి, పీచు కార్ఖానాలో పనికి కుదిరింది. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. నేను బస్సు తోలే రోజుల్లో టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని ఎక్కి, "బాబాయిగారూ, ఇంకాస్త నెమ్మదిగా తోలండి, కార్ఖానా మూసేసేక దిగుతాను" అని బస్సంతా నవ్వించేది. నేను కసిరేవాణ్ణి. లోపల మాత్రం ఆ పిల్ల ఎక్కని రోజు ఏదో వెలితిగా ఉండేది.

మొగుడి పేరు వీరవెంకటసత్యనారాయణ. అన్నవరం మొక్కు. అంత పేరు పిలవలేక ఊరంతా సత్తిబాబనేవారు. కొబ్బరికాయలు వలిచేవాడు. నేలలో పాతిన గునపం మీద కాయ గుచ్చి, కుడి భుజం వంచి ఒక్క తిప్పు తిప్పితే పీచు డొక్క ఊడి పడాలి. పొద్దున్నించి పొద్దుగూకేదాకా అదే పని. ఏళ్ల తరబడి అలా వంగి వంగి అతని కుడి భుజం కిందికి జారిపోయింది, తల కూడా కొంచెం అటే వాలి ఉండేది. దూరం నుంచి నీడ చూసినా సత్తిబాబని చెప్పొచ్చు.

పిల్లలు లేరు. అత్తగారు వెంకటలక్ష్మి, బావగారు వీరన్న పక్క వాటాలోనే ఉంటారు. సత్తిబాబు అందరిలాగే గల్ఫ్ వెళ్లాడు. అక్కడొక పట్నంలో కొత్త ట్రామ్ లైను వేస్తుంటే పట్టాల పనిలో చేరాడు. రోజూ వీడియో పంపేవాడు. అద్దాల మేడల మధ్య సగం వేసిన పట్టాలు, ఇసుక, నెత్తిన పసుపు టోపీ. దుర్గ అది బస్సులో అందరికీ చూపించేది. లైను పూర్తయ్యాక వాళ్లు బండి తోలి చూసే రోజున అతన్ని ఒక కూడలిలో ఎర్రజెండా ఇచ్చి నిలబెట్టారు. బండి వచ్చింది, వెళ్లింది. వెళ్లాక చూస్తే జెండా స్తంభానికి ఆనించి ఉంది, మనిషి లేడు. దెబ్బ లేదు, నెత్తురు లేదు, చూసినవాడు లేడు. తోటి కూలీ ఫోనులో చెప్పిన మాటలివే. క్యాంపు వదిలి పారిపోయాడని కంపెనీ రాసి పారేసింది. ఏం, గాలికి ఎగిరిపోయాడా? అతని కోసం అడిగి అడిగి దుర్గ నవ్వు సగమైంది. నోరు మాత్రం తగ్గలేదు.

ఏళ్లు గడిచాయి. ఈ తోటలో ట్రామ్ లైను వేస్తున్నారని తెలియగానే కార్ఖానా మానేసి వచ్చి, హరిబాబు ముందు నిలబడింది. "తుడవడానికైనా పెట్టుకోండి. మా ఆయన చేసిన పని ఎలాంటిదో నా కళ్లతో చూసుకోవాలండి" అంది. ఆయన మారు మాట్లాడకుండా పెట్టుకున్నాడు.

కుర్రాళ్లకు బండి తోలడం నాలుగు రోజుల్లో వస్తుంది. కష్టమంతా ఆపడంలోనే ఉంది. ఇనుము మీద ఇనుము, బస్సులా పట్టు దొరకదు. "అక్కడ మాకు రబ్బరు మనిషిని అడ్డంగా తోసేవారండి. మనిషి అడ్డం పడితే గాని కాలు నేర్చుకోదు" అన్నాడు హరిబాబు. రబ్బరు మనిషిని ఎక్కడ తెస్తాం? దుర్గ చీపురు పక్కన పెట్టి, "పీచుతో నేను చేసిస్తానండి, రెండు రోజులాగండి" అంది. మూడో రోజు తెచ్చింది. ప్యాంటు, చొక్కాలో పీచు కూరి, గుడ్డతో తల కుట్టి, పసుపు టోపీ పెట్టింది. లైనుకు అటూ ఇటూ ఉన్న చెట్లకు తాడు కట్టి, కప్పీ వేసి, దానికి వేలాడదీశారు. చెట్టు చాటున కూర్చుని తాడు లాగితే ఆ బొమ్మ పట్టాల మీదికి నడిచొచ్చినట్టు వస్తుంది. తాడు లాగే పని దుర్గదే.

మొదటిసారి అది చెట్టు చాటు నుంచి బయటికి రాగానే సీట్లోంచి ముందుకు వంగి చూశాను. కుడి భుజం కిందికి జారి ఉంది. తల అటే వాలి ఉంది. బండి ఆపించి దిగి వెళ్లాను.

"దుర్గా, ఆ చొక్కా ఎవరిదే?"

"మా ఆయందేనండి. ఊరికే పడుంటే తెచ్చేను."

"చొక్కా సరే. ఆ భుజం అలా ఎందుకు కుట్టావు?"

ఆమె బొమ్మ వైపు చూసింది. "నేను సమంగానే కూరేనండి బాబాయిగారూ" అంది చిన్నగా. తర్వాత ముందుకెళ్లి, దాని కాలరు సర్దింది.

ఆ రోజు నుంచి దుర్గ మారిపోయింది. మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. బండి బొమ్మ ముందు ఆగిన ప్రతిసారీ చెట్టు చాటు నుంచి చప్పట్లు కొట్టేది. నాకు అర్థం కాక ఒకనాడు గట్టిగా అడిగాను.

"బండి ఆగిందనుకోండి, ఆ రోజుకి ఆయన అక్కడ బాగున్నట్టేనండి. నేను అలా అనేసుకున్నాను" అంది.

"ఓసి నీ తెలివి తగలెయ్య! ఆగకపోతే?"

"మీరుండగా ఎందుకాగదండీ" అని నవ్వింది.

ఆ మాట నా నెత్తిన బండరాయిలా కూర్చుంది. కుర్రాడి పక్కన నా కాలి కింద కూడా ఒక బ్రేకు ఉండేది, వాడు తప్పితే నేను తొక్కాలి. అంతవరకు ఆడుతూ పాడుతూ చేసిన పని. అప్పటి నుంచి బొమ్మ కదలగానే నా కాలు ముందే బ్రేకు మీదికి పోయేది. ఎన్నో ఏళ్లు బస్సు తోలినా అంత భయం ఎప్పుడూ ఎరగను. బొమ్మ ముందు బండి ఆగి ఊపిరి పీల్చుకున్నాక, నా మీద నాకే చిరాకు పుట్టేది. పీచురా వెధవా, పీచు అనుకునేవాణ్ణి.

ఇంతలో ఇంకో తద్దినం. సాయంత్రం పని అయ్యాక బొమ్మను చెట్టుకు ఆనించి, బండి వైపు మొహం పెట్టి వెళ్లేవాళ్లం. పొద్దున్న వచ్చేసరికి అది పడమటికి తిరిగి ఉండేది. "రాత్రి మంచుకి పీచు మెలి తిరుగుతుందండి" అన్నాడు హరిబాబు. కావచ్చు. పీచు తడి పీలుస్తుంది, నిజమే. మరి రోజూ పడమటికే, ఆ గల్ఫ్ వైపుకే ఎందుకు తిరగాలి? సాల్మన్ దానికి ఇనప తీగతో నడుం బిగించి కట్టాడు. తెల్లారి వచ్చి చూస్తే తీగ అలాగే ఉంది, ముడి విడలేదు, బొమ్మ మాత్రం పడమటికే చూస్తోంది. సాల్మన్ శిలువ గుర్తు వేసుకుని, ఇక దాని జోలికి వెళ్లనన్నాడు. దుర్గ ఒక్కతే భయపడలేదు. "అక్కడెవరో పిలుస్తన్నారేమోనండి" అంది మామూలుగా.

తర్వాత అనిల్ కుమార్ సంగతి జరిగింది. అనిల్ ముక్కామల వాడు, పెళ్లయి ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. ఆ రోజు బాగానే తోలుతున్నాడు. సముద్రం స్టాపు దాటి వేగం అందుకున్నాం. దుర్గ తాడు లాగింది, బొమ్మ వచ్చింది. బండి ఆగాలంటే అనిల్ చేతిలోని పిడి వెనక్కి లాగాలి. లాగలేదు. గుడ్లప్పగించి బొమ్మనే చూస్తున్నాడు. "లాగరా!" అని అరిచి నా బ్రేకు తొక్కాను. పెడలు మెత్తగా కిందికంటా దిగిపోయింది, కింద ఏమీ తగల్లేదు. కళ్లు మూసుకున్నాను. అబద్ధం ఎందుకు, మూసుకున్నాను.

బండి ఆగింది. జారలేదు, కీచుమనలేదు, కుదుపు లేదు. కళ్లు తెరిచేసరికి బొమ్మ నా ముందు అద్దానికి జానెడు దూరంలో ఉంది. సాల్మన్ కిందికి దూరి చూసి బయటికొచ్చాడు. "బ్రేకు పిన్ను ఊడిపోయిందండి. పిడేమో ఇంకా ముందుకే ఉంది. ఈ బండి ఆగకూడదండి" అన్నాడు. అనిల్ కుమార్ దిగి, లైను పక్కన కూలబడ్డాడు. ఎందుకు లాగలేదురా అని అడిగితే, "అది చెయ్యెత్తిందండి. ఆగు అన్నట్టు" అన్నాడు.

నేను వెళ్లి చూశాను. చేతులు రెండూ కిందికే వేలాడుతున్నాయి. దుర్గ చెట్టు చాటు నుంచి వచ్చి, "చూసేరా! ఆయనే ఆపుకున్నారు" అంది. ఆమె కళ్లలో అంత సంతోషం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ పూటకు పని ఆపేసి అందర్నీ ఇళ్లకు పంపేశాను.

ఇక్కడ దుర్గ ఇంటి సంగతి చెప్పాలి. అత్తగారు, బావగారు ఎప్పటి నుంచో ఒకే మాట మీద ఉన్నారు: సత్తిబాబుకు కర్మ చేసెయ్యాలని. శవం దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, పాడె కట్టి, దహనం చేస్తారు కదా, అది. ఇన్నేళ్లు ఎదురు చూడాలని శాస్త్రం ఉందట, కాని ఇంట్లో పీడకలలు వస్తుంటే ముందే చేయొచ్చని పంతులుగారు ఓ సందు చూపించాడు. దుర్గ ఒప్పుకోలేదు. "బతికున్న మనిషికి కొరివి పెడతారా? దర్భ ముక్క ఈ గుమ్మంలోకొస్తే చూడండి మరి" అని వీధిలో నిలబడి అరిచింది. బొమ్మ కాలితే ఆమె బొట్టు పోతుంది, గాజులు పోతాయి. అంతకంటే ఆయన ఎక్కడో ఉన్నాడన్న మాట పోతుంది. ఆమెకు మిగిలింది ఆ మాటే. అందుకే నేను ఆమె వైపే మాట్లాడేవాణ్ణి. వీరన్నతో గొడవ కూడా పడ్డాను.

అనిల్ సంగతి ఊళ్లో పాకింది. మర్నాడు పొద్దున్న వెంకటలక్ష్మిగారు వీరన్న చెయ్యి పట్టుకుని తోటకు వచ్చారు. ఆవిడ అంతకు ముందు ఎప్పుడూ అటు రాలేదు, ట్రామ్ అంటే ఏమిటో కూడా తెలియదు. దుర్గ ఎదురెళ్లి, "రండత్తా, చూపిస్తాను" అని పిల్చుకొచ్చింది. బొమ్మ చెట్టుకు ఆని, పడమటికి చూస్తోంది.

ముసలావిడ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "సత్తీ" అంది. దగ్గరికెళ్లి చొక్కా వాసన చూసింది. జారిన భుజం తడిమింది. తర్వాత తలెత్తి తాడు చూసింది, కప్పీ చూసింది, కింద పట్టాలు చూసింది.

"రోజూ వీణ్ణి ఈ బండికి అడ్డం తోస్తన్నావా అమ్మా?"

"తొయ్యడం కాదత్తా, ఆగుద్ది. ప్రతిసారీ ఆగుద్ది."

"నాకు రోజూ కల్లోకొచ్చి ఒకటే మాట అంటన్నాడే. అమ్మా, బండొస్తంది, నన్ను పక్కకి తియ్యమ్మా అని. ఏ బండిరా నాయనా, ఏ బండి అని ఏడ్చేదాన్ని" అంది ఆవిడ.

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనైనా ఎదురు చెప్పేవాణ్ణి.

వీరన్న నెమ్మదిగా అన్నాడు: "దర్భలు వద్దన్నావు కదమ్మా. రూపం నువ్వే కట్టేవు. బట్ట వాడిదే తొడిగేవు. మేం చేస్తామన్న పనిలో సగం నువ్వే చేసేసేవు. కట్టిన బొమ్మని కాల్చకుండా ఇలా నిలబెట్టి ఉంచితే వాడు ఎటూ పోలేడు."

దుర్గ బొమ్మ వైపు తిరిగి చూసింది. ఇన్నాళ్లు దేన్ని గుమ్మంలోకి రానివ్వనని పోట్లాడిందో, దాన్ని తన చేత్తో కుట్టి, రోజూ చంకలో పెట్టుకుని తిరిగిందని అప్పుడు తెలిసింది ఆమెకు. నా దగ్గరికి వచ్చి, "బాబాయిగారూ, నేనే చంపేసేనా ఆయన్ని?" అని అడిగింది. "నోర్ముయ్! పిచ్చి వాగుడు వాగకు" అని కసిరాను.

రెండు రోజులు లైను మూసేశాం. మూడో రోజు దుర్గ తానే అత్తగారి ముందు కూర్చుని చెప్పింది. "అలాగే చేద్దాం అత్తా. కాని పద్ధతి ప్రకారం చెయ్యాలి. దింపుడు కళ్లం దగ్గర పాడె దింపి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదండీ, ప్రాణం ఉంటే పలుకుతాడని. అక్కడ పిలిచేది నేను. పలికేరంటే అక్కడినుంచే ఇంటికి తెచ్చేసుకుంటాను. మళ్లీ ఈ మాట ఎవరూ ఎత్తకూడదు."

వీరన్న, పంతులుగారు మొహమొహాలు చూసుకున్నారు. పీచుబొమ్మ పలికేదేమిటి? సరేనన్నారు. ఆ పిల్ల ఎంత చిన్న ఆశ పట్టుకుని వేలాడుతోందో నాకు తెలుసు.

మర్నాడు పొద్దు బారెడెక్కాక తోట నుంచి బయల్దేరాం. పాడె మోసింది నలుగురం: నేను, హరిబాబు, అనిల్ కుమార్, సాల్మన్. మీ దేవుడు ఒప్పుకుంటాడా అని సాల్మన్‌ను ఎవరో అడిగితే, "మా లైను మనిషండి" అన్నాడు. ఆడవాళ్లు రాకూడదని గుంపులో ఒకడు గొణిగాడు. వాణ్ణి నేను చూసిన చూపుకు మళ్లీ నోరెత్తలేదు. దుర్గ, వెంకటలక్ష్మిగారు పాడె వెనకే నడిచారు. ముందు వీరన్న నిప్పుకుండ పట్టుకున్నాడు.

ఆ బొమ్మను దుర్గ రోజూ చెట్టు దగ్గర్నుంచి తాడు దాకా ఒంటి చేత్తో ఎత్తి తెచ్చేది. పీచు ఎంత బరువుంటుంది? బయల్దేరినప్పుడు నాకు భుజం మీద ఏమీ లేనట్టే ఉంది. వైనతేయ ఏటిగట్టు ఎక్కేసరికి పాడె కర్ర భుజంలోకి దిగిపోతోంది. ముసలాణ్ణి కదా, నాకే అనుకున్నాను. పక్కకు చూస్తే అనిల్ మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. హరిబాబు నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరూ పైకి అనలేదు. అంటే అక్కడే దింపేసి పరిగెత్తేవాళ్లం.

గట్టు దిగి, రేవుకు ఇవతల దింపుడు కళ్లం దగ్గర పాడె దించాం. ఎండ ఫెళ్లుమంటోంది. గాలి ఆగిపోయింది, కొబ్బరి మట్ట కూడా కదలడం లేదు. అవతలి ఒడ్డున పడవ దగ్గర కూడా ఎవరూ లేరు. నేను కావాలనే చూశాను.

పంతులుగారు పిలవమ్మా అన్నారు. దుర్గ మోకాళ్ల మీద కూర్చుంది. పసుపు టోపీ తీసి పక్కన పెట్టి, గుడ్డ తల దగ్గరికి వంగింది. మొగుడి పేరు ఆమె ఎప్పుడూ పలకలేదు, అప్పుడూ పలకలేదు.

"ఏవండీ" అంది.

ఏమీ లేదు. పంతులుగారు తల ఊపారు.

"ఏవండీ."

వెంకటలక్ష్మిగారు కొంగు నోట్లో కుక్కుకుంది. దుర్గ ఇంకా వంగింది. భోజనానికి పిలిచే గొంతుతో, ఆలస్యమైతే విసుక్కునే గొంతుతో, మూడోసారి పిలిచింది.

"ఏవండీ!"

"ఏటే?"

నేను విన్నాను. కిందినుంచి, గుడ్డ లోపలి నుంచి, పనిలో ఉన్న మనిషి తల తిప్పకుండా పలికినట్టు. అది సత్తిబాబు గొంతే. సాల్మన్ నా చెయ్యి పట్టుకున్నాడు, గోళ్లు దిగాయి. పంతులుగారు రెండడుగులు వెనక్కి వేశారు. వీరన్న చేతిలో కుండ ఒరిగి నిప్పులు రాలాయి. అందరం విన్నాం. విననట్టు నటించడానికి ఒక్కడికీ చాతకాలేదు.

దుర్గ తలెత్తింది. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను. పెళ్లినాడు కూడా అంత వెలుగు ఉండి ఉండదు.

"పలికేరు! విన్నారు కదండీ, అందరూ విన్నారు కదా! చెప్పేనా మీకు? బాబాయిగారూ, పట్టండి, ఇంటికి తీసుకుపోదాం. అత్తా, లేవండత్తా, పలికేరు!"

బొమ్మ భుజాల కింద చేతులు పెట్టి లేపబోయింది. వెంకటలక్ష్మిగారు ఇసకలో కూలబడి, దాని కాళ్లు రెండూ పట్టుకుంది. ఏడుస్తోంది, కాని గొంతు స్థిరంగా ఉంది.

"విన్నానే తల్లీ. నా కొడుకు గొంతు నాకు తెలీదా? కాని బతికున్నోడు అక్కడ కదే పలకాలి, ఆ దేశంలో. ఇక్కడ, ఈ పీచులోంచి ఎలా పలుకుతాడమ్మా?"

దుర్గ చేతులు అలాగే ఉన్నాయి. ఆమె అత్తగారి వైపు చూసింది, బొమ్మ వైపు చూసింది. ఆ మాట ఆమెలోకి దిగడం నాకు కనపడింది.

దుర్గ బొమ్మను మెల్లగా, నిద్రలో ఉన్నవాణ్ణి కదపకుండా పడుకోబెట్టినట్టు, మళ్లీ పాడె మీద పడుకోబెట్టింది. లేచి నిలబడి, వీరన్న వైపు చెయ్యి చాపింది.

"ఆ కుండ ఇలా ఇవ్వండి బావగారూ. నేను పిలిస్తే కదా పలికేరు, నేనే పంపిస్తాను."